రెండో చెప్పు

భోజనాల బల్లకు ఒక వైపు తల్లి బీన్స్ తుంచుతోంది. మరోవైపు కూతురు నల్లటి పలక మీద పెన్నుతో సముద్రం వేస్తోంది. పలక మీద గీసినదల్లా ఎదురుగా ఉన్న కంప్యూటర్ తెర మీద రంగుల్లో పడుతోంది. ఇద్దరి మధ్యా చల్లారిపోతున్న కాఫీ ఉంది, మాటల్లేవు. ఆ ఇంట్లో ఈ మధ్య ఉదయాలన్నీ ఇలాగే తెల్లారుతున్నాయి.

ఈ వారంతో తండ్రి పోస్టాఫీసు ఉద్యోగం నుంచి రిటైరవుతున్నాడు. ఆదివారం ఇంట్లో పదిమందికి భోజనాలు. ఏం బహుమతి కావాలని కూతురు అడిగితే ఆయన క్షణం కూడా ఆలోచించలేదు. "మనం సముద్రానికి వెళ్ళినప్పుడు నేను తీసిన ఫొటో ఉంది చూడు, దాన్ని బొమ్మగా వేసి హాల్లో పెట్టు. కింద నీ సంతకం ఉండాలి" అన్నాడు.

ఇంటిల్లిపాదీ కలిసి వెళ్ళిన ఒకే ఒక్క ప్రయాణం అది. ఫొటో పాతబడి పసుపు తిరిగింది. అలల ముందు తల్లి నిలబడి ఉంది, చంకలో మూడేళ్ళ కూతురు. పక్కన తల్లి చెల్లెలు, అంటే పిన్ని. తల్లి తల వెనక్కి వాల్చి పకపకా నవ్వుతోంది. అమ్మ అలా నవ్వడం కూతురికి ఈ ఫొటోలో తప్ప ఎక్కడా చూసిన గుర్తు లేదు.

"దాన్ని తీసెయ్" అంది తల్లి, బీన్స్ మీంచి తల ఎత్తకుండా.

"దేన్ని?"

"తెలీనట్టు అడక్కు. మీ పిన్నిని."

కూతురి పెన్ను ఆగింది. "ఆదివారం నాన్న పిన్నిని కూడా పిలిచారు. వచ్చి గోడ మీద తను లేని బొమ్మ చూస్తే మళ్ళీ ఈ గడప తొక్కుతుందా?"

"వస్తే రానీ, చూస్తే చూడనీ. రెండేళ్ళుగా మొహం చూపించని మనిషిని నేను రోజూ గోడ మీద చూడాలా?"

ఆ రెండేళ్ళ కథ ముగ్గురికీ తెలిసిందే. కూతురు బ్యాంకు పరీక్షల కోచింగ్ మానేసి బొమ్మల్లో పడింది. ఆ పలకా పెన్నూ కొనిచ్చింది పిన్ని, అదీ అక్కకు చెప్పకుండా. సంగతి బయటపడిన రోజు తల్లి వంటగదిలో చెల్లెల్ని నిలబెట్టి కడిగేసింది. చివరికి, "కడుపున పుట్టిన పిల్ల ఉంటే తెలిసేది నీకు" అంది. పిల్లల కోసం ఏళ్ళ తరబడి ఆస్పత్రుల చుట్టూ తిరిగి, తిరిగి, విసిగి ఊరుకున్న మనిషి పిన్ని. చేతిసంచీ తీసుకుని వెళ్ళిపోయింది. తల్లి మాత్రం "నేనేమన్నానని, అదే పంతం పట్టింది" అని చుట్టాలందరికీ చెప్పుకుంటూ వచ్చింది. చెప్పగా చెప్పగా తనే నమ్మేసింది కూడా.

"పిన్నిని తీసేస్తే పక్కన బోసిగా ఉంటుంది" అంది కూతురు.

"ఏ బండరాయో పెట్టెయ్. సముద్రం ఒడ్డున రాళ్ళకేం కరువు?"

"సరే. పెడతాను. కానీ కింద సంతకం మాత్రం పెట్టను."

"అదేం మాట? మీ నాన్న అడిగిందే అది."

"నాన్న అడిగింది ఈ ఫొటో. రాయిని కాదు. నువ్వు చెప్పినట్టే వేస్తాను, డబ్బులిచ్చి బయటివాళ్ళు చెప్పినవి వేసినట్టే. ఇది నా బొమ్మ కాదు."

తల్లి చేతిలో బీన్స్ కాయ ఫట్‌మని విరిగింది. "దానికోసం అమ్మనే బయటిదాన్ని చేస్తున్నావా? నేనెందుకు అరిచాను ఆ రోజు? నీ బతుకేమైపోతుందో అని. నీ కోసమే కదా."

"నా కోసం అరిచావు, బానే ఉంది. పిల్లలు లేరని దెప్పింది కూడా నా కోసమేనా? నేను పక్కగదిలోనే ఉన్నానమ్మా. అంతా విన్నాను."

తల్లి పళ్ళెం తీసుకుని వంటగదిలోకి వెళ్ళిపోయింది. కాసేపటికి గిన్నెలు మాట్లాడటం మొదలుపెట్టాయి.

గుమ్మం దగ్గర చెప్పులు వేసుకుంటున్న తండ్రి కూతురి వైపు వచ్చి తెరలోకి తొంగి చూశాడు. "ఏమ్మా ఆర్టిస్టూ, ఈ పక్కన పేర్చి ఉన్నవేమిటి?"

"పొరలు నాన్నా. సముద్రం ఒక పొర, ఆకాశం ఒకటి, మనుషులు తలా ఒకటి. ఈ కంటి గుర్తు నొక్కితే ఆ పొర కనబడదు. పోదు, లోపలే ఉంటుంది."

"పొరలు లేకుండా బొమ్మ లేదు, పొరపొచ్చాలు లేకుండా ఇల్లు లేదు" అని ఆయన కూతురి భుజం తట్టి ఆఫీసుకు వెళ్ళాడు. వెళ్తూ వెళ్తూ భార్యకు వినబడేలా, "కాళ్ళు జాగ్రత్తగా వెయ్యి తల్లీ, చాలామంది కాళ్ళ దగ్గరే తేలిపోతారు" అన్నాడు. ఆ మాట ఎందుకన్నాడో అప్పుడు ఎవరికీ పట్టలేదు.

కూతురు పిన్ని పొర పక్కనున్న కంటి గుర్తు నొక్కింది. పిన్ని మాయమైంది. ఆమె కొంగు ఎగిరిన చోట వట్టి నీళ్ళు మిగిలాయి. ఒక్క నొక్కుకే మనిషి పోవడం చూసి కూతురు పెన్ను కింద పెట్టేసింది. మళ్ళీ అందుకుని, పళ్ళు బిగించి రాయి వేసింది. బూడిద రంగు పులిమి, మీద నాచు అద్ది, అంచున నురగ చుట్టింది. రాయి బాగా కుదిరింది. అదే ఆమెకు మరింత మంట పుట్టించింది.

మధ్యాహ్నం ప్రింటు షాపతను ఫోన్ చేశాడు. "సాయంత్రానికల్లా ఫైలు పంపెయ్యండి మేడం. ఫ్రేము కింద అంచు కొంచెం తింటుంది. కాళ్ళు కనబడకపోయినా పర్లేదు కదా?"

"పర్లేదు" అంది కూతురు. ఈ బొమ్మలో ఏం పోతే తనకేం. అయినా కాళ్ళు వేయకుండా వదిలేయడానికి చెయ్యి రాలేదు. పాత ఫొటోని తెర మీద పెద్దది చేసి తల్లి పాదాల దగ్గరికి వెళ్ళింది. చెప్పుకు గోధుమరంగు పట్టీ, దానికో ఇత్తడి బకిల్. కుడికాలి చెప్పు వేసింది. ఎడమకాలి దగ్గరికి వచ్చి ఆగిపోయింది. అక్కడ చెప్పు లేదు. వట్టి పాదం, ఇసుకకు తగలకుండా పైకి ముడుచుకున్న వేళ్ళు.

మరకేమో అనుకుని ఇంకా పెద్దది చేసింది. మరక కాదు. ఫొటోలో పక్కకు జరిగి పిన్ని పాదాలు చూసింది. ఎడమకాలికి అదే పట్టీ, అదే బకిల్. కుడికాలు ఖాళీ.

"అమ్మా" అని పిలిచింది. ఉదయం మాటామాటా పెరిగాక అదే మొదటి పిలుపు. "ఈ ఫొటోలో నీకు ఒక్క కాలికే చెప్పు ఉంది. రెండోది కూడా వేసేయనా?"

"ఏం చెప్పు?" అంటూ తల్లి చేతులు తుడుచుకుంటూ వచ్చింది. కళ్ళజోడు పెట్టుకుని తెర మీదికి వంగింది. మొదట ఆమెకు కనబడింది పాదం కాదు, బొమ్మలో తన మొహం. తల వెనక్కి వాల్చి, కళ్ళు మూతలు పడేలా, బండరాయి వైపు తిరిగి నవ్వుతోంది.

"రాయిని చూసి నవ్వుతున్నానేమిటే, పిచ్చిదానిలా?"

"నువ్వే పెట్టమన్నావు."

పక్కనే పెద్దది చేసి ఉన్న ఫొటోలో, ముడుచుకున్న కాలివేళ్ళ దగ్గర తల్లి చూపు ఆగిపోయింది. కుర్చీ లాక్కుని కూలబడింది.

"రెండోది వేయకు" అంది.

"ఎందుకు?"

"దాని చెప్పులు రెండూ అల లాక్కుపోయింది. మిట్టమధ్యాహ్నం, ఇసుక నిప్పుల్లా ఉంది. గెంతుతోంది పిచ్చిది. నావి రెండూ విప్పి వేసుకోమన్నాను. ఒక్కటే తీసుకుంది. 'కాలితే చెరో కాలూ కాలుతుందిలే అక్కా' అంది. ఆ మాటకే నవ్వు. మీ నాన్న సరిగ్గా అప్పుడే నొక్కారు."

చెబుతూ తల్లి నవ్వబోయింది. నవ్వు సగంలోనే ఏడుపైపోయింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని వెక్కివెక్కి ఏడ్చింది. కూతురు లేచి వెళ్ళి తల్లి వీపు మీద చెయ్యి వేసింది. ఉదయం కోపం ఆ చేతిలో ఎక్కడా లేదు.

"నన్ను ఒక్కదాన్నే కాలనివ్వని మనిషి అది. నేను రెండూ ఇవ్వబోతే సగం తిప్పి ఇచ్చింది. అట్లాంటిదాన్ని నేను ఆ మాటన్నాను. ఆ మాటకి మాత్రం అది ఒక్కతే కాలింది."

"ఫోన్ చెయ్యి అమ్మా."

"ఏ మొహం పెట్టుకుని చేయనే?"

"ఆ మొహం పెట్టుకుని" అంది కూతురు, తెర మీద నవ్వుతున్న మొహాన్ని చూపించి.

నంబరు వెతకాల్సిన పని లేకపోయింది. తల్లి వేళ్ళకు అది ఇంకా గుర్తుంది. అవతల చాలాసేపు మోగింది. ఇక ఎత్తదనుకుని తల్లి ఫోను దించబోతుండగా, రోజూ మాట్లాడుకునే వాళ్ళలాగే ఒక గొంతు పలికింది.

"చెప్పక్కా."

తల్లి ఫోనును మళ్ళీ చెవికి ఆనించుకుంది. "చెప్పు గురించే చేశానే" అంది.

"ఏ చెప్పు?"

"నా ఎడమకాలిది. నీ దగ్గరే ఉండిపోయింది."

అవతల ముక్కు ఎగపీల్చిన చప్పుడు.

"చిన్నదీ, నేను ఆ మాట అనకుండా ఉండాల్సింది. నోరు జారాననను. కావాలనే అన్నాను, నీకు నొప్పి పుట్టాలనే అన్నాను. తప్పు నాది."

"కాలిందక్కా" అంది పిన్ని నెమ్మదిగా. "చాలా కాలింది."

"ఆదివారం రా. వచ్చి నన్ను నాలుగు తిట్టు. ఆ మిగిలిన సగం నన్ను కాలనీ."

పిన్ని వస్తాననలేదు, రాననలేదు. "పొద్దున్నే వస్తేనే కదా వంటకి సాయం" అంది.

కూతురు రాయి పొర పక్కనున్న కంటి గుర్తు నొక్కింది. తరువాత పిన్నిది. రాయి పోయి, కొంగు ఎగురుతూ పిన్ని వచ్చి అక్క పక్కన నిలబడింది. కూతురు అమ్మ ఎడమపాదాన్నీ పిన్ని కుడిపాదాన్నీ ఖాళీగా, వేళ్ళు ముడుచుకున్నట్టుగా వేసింది. ఒక మూల సంతకం పెట్టింది.

సాయంత్రం తండ్రి ఇంటికి వచ్చేసరికి తల్లి కళ్ళు ఉబ్బి ఉన్నాయి. ఆయన ఏమీ అడక్కుండా పేపరు వెనక దాక్కున్నాడు.

"ఏమండీ, ఇన్ని ఫొటోలుండగా ఇదే ఎందుకు అడిగారో ఇప్పుడు తెలిసింది" అంది తల్లి.

పేపరు కదల్లేదు. వెనక నుంచి, "కాళ్ళు బాగా వచ్చాయా?" అని మాత్రం వినబడింది.

కూతురు అప్పటికే ప్రింటు షాపుకు ఫోన్ కలిపింది. "ఫైలు పంపానండీ. మధ్యాహ్నం చెప్పింది మరిచిపోండి. ఫ్రేము పెద్దది వెయ్యండి, ఏం పోయినా ఫర్వాలేదు గానీ కాళ్ళు పోకూడదు."