నల్లనేల రాక్షసి గుండె

మరువాడ రాజ్యంలో జొన్నచేలు పచ్చబడడం మానేశాయి. మొలకలు వచ్చేవి, జానెడెత్తు పెరిగేవి, ఆపై పాలిపోయి కంకి వేయకుండానే ఎండిపోయేవి. వాన తగ్గలేదు, ఎడారి అంచు రాజ్యానికి దక్కే కొద్దిపాటి చినుకులు ఎప్పటిలాగే కురుస్తున్నాయి. అయినా పిల్లల పొట్టలు ఉబ్బాయి, కాళ్లు పుల్లలయ్యాయి.

ఆస్థాన మాంత్రికుడు కారణం చెప్పాడు. ఎడారి మీద గరుకుగా పరుచుకున్న నల్లని పొర ఒక రాక్షసి చర్మమట. నేల సారాన్ని అదే పీలుస్తోందట. రుజువు ఎవరూ అడగలేదు. నాటి నుంచి ఏటా విత్తడానికి ముందు ప్రజలంతా మందలను తోలుకెళ్లి ఆ పొరను తొక్కించడం ఆచారమైంది. దానికి 'పొరతొక్కుడు' అని పేరు. తొక్కించిన కొద్దీ పంట తగ్గింది. తగ్గిన కొద్దీ మరింత గట్టిగా తొక్కించారు. చివరకు, రాక్షసి గుండె తెచ్చినవారికి ఎడారిసీమ పాలన ఇస్తానని రాజు చాటించాడు. గుర్రాలెక్కి వెళ్లిన రాజకుమారులెవరూ తిరిగి రాలేదు.

గొర్రెల కాపరి కూతురు సుంకమ్మ తల్లిని ఆకలికి పోగొట్టుకుంది. చెల్లెలు గంగి నడక మరిచి చాపకు అంటుకుపోయింది. ఆ పిల్లను మేనత్తకు అప్పగించి, తోలుతిత్తిలో నీళ్లు నింపుకొని సుంకమ్మ బయలుదేరింది.

ఎడారి మొదట్లో ఒక ముసలి ఉడుము అడ్డుపడింది. ఉడుములు మాట్లాడవని మీకూ నాకూ తెలుసు. ఈ కథలో మాత్రం మాట్లాడింది.

"యాడికి మ్మీ, సచ్చేదానికా?"

రాక్షసి గుండె కోసమని సుంకమ్మ చెప్పింది.

"ముందు పోయినోళ్లు ఆ దిబ్బ కింద ఉండారు. గుర్రాల డెక్కలకు పొర పగిలె, ఇసుక లేచె, వాళ్లనే పూడ్చె. నువ్వు నల్లనేల మింద కాలు పెట్టాకు. రాళ్లవాగు ఎంబడి పో. దూరమే, అయితే బతుకుతావు."

రాళ్లకు పాదాలు చీలాయి. తొక్కించిన నేల వైపు నుంచి ఇసుకగాలి గోడలా లేచి మీదపడింది. బండను కరుచుకొని పడుకుంటే వీపు చర్మం లేచిపోయింది. నల్లనేల మీద మాత్రం ఒక్క రేణువూ కదలలేదు. ఆ తేడాను ఆమె గుర్తుపెట్టుకుంది.

వాగు చివర నేలే కళ్లు తెరిచింది. అది పగుళ్లు పడిన నల్లని ముఖం.

"నాకు గుండె యాడుంది?" అంది రాక్షసి. "కంటికి ఆనని సన్నజీవులం, కోటానుకోట్లు కలిసి పొరగా బతుకుతాండాం. గాలిలోని నత్రజనిని పట్టి నేలకు పెడతాం. వాననీళ్లు దాన్ని మీ చేలకు మోస్తాయి. మీ పైరు తినేది దాన్నే. మొదట మేతకు పోయే మందలతో, ఆపైన పొరతొక్కుడుతో మమ్మల్ని తొక్కి మీ కూడు మీరే తొక్కుకుంటిరి."

"నమ్మేదెట్లా?"

రాక్షసి కోపగించలేదు. "ఆ మాట మీవోళ్లు మాంత్రికుణ్ని అడిగింటే బాగుండు. నీ తిత్తిలోని నీళ్లు నా మింద పోసి సూడు."

తిరుగు ప్రయాణానికి మిగిలినవి ఆ నీళ్లే. గంగిని తలచుకొని సుంకమ్మ పోసేసింది. చచ్చినట్టున్న పొర చూస్తుండగానే పచ్చబడింది. రాక్షసి తన చెంప నుంచి ఒక పెళ్ల ఊడదీసి చేతిలో పెట్టింది.

నాలుక పిడచకట్టి ఆమె పొలిమేర చేరేసరికి, అక్కడ మిగిలిన చివరి నల్లనేల ముందు పొరతొక్కుడుకు మందలు, వాటి వెనక రాజు, మాంత్రికుడు నిలిచి ఉన్నారు. గుండె తెమ్మంటే మట్టిపెళ్ల తెచ్చిందని మాంత్రికుడు నవ్వాడు. ఆమె పెదవులు చూసి రాజు నీళ్లు ఇప్పించాడు. సుంకమ్మ తాగలేదు, పెళ్ల మీద పోసింది. అది పచ్చబడింది.

మాయ అన్నాడు మాంత్రికుడు.

"అట్లే అనుకో దొరా," అంది సుంకమ్మ రాజుతో. "ఈ ఒక్క నేలను తొక్కించాకు. దీని కిందిచేలో జొన్న వెయ్యి, తొక్కించిన నేల కిందా వెయ్యి. కంకి యాడొస్తాదో సూడు. నా మాట తప్పయితే నా తల తీసుకో."

రాజు మందలను మళ్లించాడు. నల్లనేల కిందిచేలో మాత్రమే కంకులు వచ్చాయి. అవి వచ్చేలోగా ఎన్నో ఇళ్లలో పిల్లలు పోయారు. గంగి బతికింది, కాళ్లు మాత్రం సరిగా రాలేదు.

పొరతొక్కుడు ఆగింది. సుంకమ్మ ఎడారిసీమను పాలించింది. క్షణంలో పగిలే ఆ పొర మళ్లీ అల్లుకోవడానికి ఆమె జీవితమంతా పట్టింది. ముసలితనంలో అక్కాచెల్లెళ్లిద్దరూ చేలు చూడడానికి వెళ్లేవారు. నల్లనేల అంచు రాగానే గంగి చంకకర్ర ఆపి, నొప్పికాళ్లతోనే చుట్టూ తిరిగి వెళ్లేది.