పగలగొట్టాల్సిన కుండలు

“నా పెంకులు యాడప్పా?”

పుంగనూరు కాలేజీ గ్రౌండ్‌లో తవ్వించిన గుంత దగ్గర నిలబడి రూప అడిగింది. గంటన్నరలో కుప్పం నుంచి రెండు బస్సుల పిల్లలు దిగుతారు. రూప నడిపే పురావస్తు పండుగలో వాళ్ళకు ఆ గుంతే ఆట. మట్టి తవ్వాలి, కుండపెంకులు ఏరాలి, అతికించి కుండ చేయాలి. ఇది కాస్తా చెడితే వచ్చే ఏడు పండుగే ఉండదని కమిటీవాళ్ళు రూపకు ముందే చెప్పేశారు.

సాయికుమార్ నవ్వాడు. మదనపల్లెలో టమోటా మండీ అతనిది. వ్యాను ఉందన్న ఒక్క అర్హతతో పండుగ పనుల్లో దూరాడు. మూడు వారాలుగా రూప ఒకటి చెబితే తాను ఒకటి చేస్తున్నాడు.

“అవి పారేసినా మేడం. మున్సిపాలిటీ ట్రాక్టరు ఎత్తుకుపాయ. ఇదో, ఇవి సూడండి!”

వ్యానులో ఇరవై కొత్త కుండలు. ఒక్కోదానికి పసుపు, కుంకుమ, పైగా మామిడాకు తోరణం కూడానూ.

పారేసిన ఆ పెంకులకు వారం రోజులు కూర్చుని నంబర్లు రాసింది రూపే. ఆమెకు ఒళ్ళు మండిపోయింది.

“యాల పారేసినావు?”

“పండగపూట పగిలిన కుండలు ఎవురన్నా పెడతారా? మీకు మంచిది కాదు. తెల్లారేసరికే చౌడేపల్లెకు పోయి తెచ్చినా.”

“దేవుడా! నాకు పగిలినవే కావాలప్పా! పగలగొట్టు.”

సాయికుమార్ ముఖం పాలిపోయింది. “పసుపు పెట్టినవా? కుండ పగలగొట్టేది శ్మశానంలో మేడం!”

“పది గంటలకు నా పరువూ ఆడికే పోతాది!”

రూప ఒక కుండ ఎత్తి నేలకేసి కొట్టింది. ఉక్రోషానికి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. సాయికుమార్ ఆ కళ్ళు చూశాడు. చెప్పులు విడిచి, దండం పెట్టుకుని, కళ్ళు గట్టిగా మూసుకుని రెండో కుండ పడేశాడు. ఒక్కోదానికీ దండం పెట్టుకుంటూనే మిగతావన్నీ పగలగొట్టాడు.

పెంకులు గుంతలో వేసి మట్టి కప్పేసరికి బస్సులొచ్చాయి. కాసేపట్లో గ్రౌండంతా పిల్లల కేకలే. కమిటీ పెద్దాయన కూడా ప్యాంటు మడిచి గుంతలో దిగాడు.

పండుగ చూడ్డానికి వచ్చిన సాయికుమార్ తల్లి గోవిందమ్మ ఒక పెంకు చేతికి తీసుకుని ఉలిక్కిపడింది.

“పసుపు కుండలు ఎవుర్రా పగలగొట్టింది?”

“నేనేమ్మా.”

“నువ్వా? పిల్లి ఎదురొస్తే మండీకే పోవే! ఎవురు చెప్పినారు?”

అతను రూప వైపు చూశాడు. గోవిందమ్మా చూసింది, ఎగాదిగా.

“ముప్పై ఏండ్లుగా నా మాట ఒక్కటీ వినలేదు వీడు. వీడ్ని నువ్వే ఏలుకో తల్లీ.”

“మూడు వారాల్లో నా మాట వినింది గూడా ఇదొక్కటేనమ్మా!”

“సాలు. కొందరు మొగుళ్ళు జల్మంతా అంత గూడా వినరు.”

రూప సాయికుమార్ వైపు తిరిగింది. అంత భయస్తుడు తన కన్నీళ్ళు చూడలేక అంత పని చేశాడు. కోపం తీరలేదు గానీ, అతని మీద ఇష్టాన్ని ఇక దాచుకోలేకపోయింది.

“నీకు నోరు లేదా? మీ అమ్మే అడగల్లా?”

“భయమేసింది మేడం.”

“నాకు పెండ్లయినా కోపం తగ్గదు. జీవితమంతా అరుస్తా. తట్టుకుంటావా?”

“ఎదురుగా నిలబడి అరిస్తే సాలు,” అన్నాడు సాయికుమార్.

రూప మట్టి చేతులతోనే ముఖం కప్పుకుంది.