తేరు కాడ చుక్కలుండవు

"డాక్టర్ రామలక్ష్మమ్మను రేపు ఎత్తుకుపోతారు," అన్నాడు బసవరాజ్, టీ గ్లాసు కింద పెట్టకుండానే.

కర్నూలు వన్‌టౌన్‌లో అదొక కొరియర్ ఆఫీసు. ముందు గదిలో పార్సిళ్లు, వెనక గదిలో దేశ రహస్యాలు. బసవరాజ్ ఆ వెనక గదికి చీఫ్. ఎదురుగా కూర్చున్న నవీద్ అతని ఫీల్డ్ ఏజెంట్.

"యాడ సార్?"

"ఒంటిమిట్టలో. తేరు లాగే చోట. మన మిస్సైళ్ల గైడెన్స్ సిస్టమ్ అంతా ఆమె తలకాయలోనే ఉండాది. ఏటా తాడు పట్టేదానికి వస్తాది. సెక్యూరిటీ అంటే వద్దంటాది."

"ఎత్తేది ఎవరు?"

"సరిహద్దు అవతలి ముఠా. సీమ రక్షక దళం యూనిఫారంలో వస్తాండారు. ఎంతమందో తెలీదు. మొహాలూ తెలీవు. వాళ్లను గుర్తుపట్టడమే నీ పని."

సీమ రక్షక దళం ప్రభుత్వానిది కాదు. తుంగభద్ర కర్నూలును ముంచిన ఏడాది పుట్టిన స్వచ్ఛంద దళం. ఏటా ఒంటిమిట్ట తేరు దగ్గర సేవ చేసేది వాళ్లే. జీతం లేదు, తుపాకీ లేదు. కవాతు మాత్రం ఉంది. బూడిద రంగు చొక్కా, నల్ల బెల్టు, భుజపట్టీల మీద ఇత్తడి నక్షత్రాలు ఉన్నాయి. బెల్టు వెడల్పెంతో, భుజం అంచుకీ నక్షత్రానికీ మధ్య ఎంత ఎడం ఉండాలో చెప్పే రూల్ పుస్తకం కూడా ఉంది. ఆ పుస్తకాన్ని తెచ్చిచ్చింది శివాని. ఆమె టీవీ యాంకర్. ఆమె నవ్విందంటే కెమెరామన్ ఫోకస్ మరిచిపోతాడు. ముఠాలో ఉంటూ మనకు పనిచేస్తున్న మనిషని బసవరాజ్ నమ్మకం.

"నువ్వు మామూలు వాలంటీర్‌వి. చుక్కలుండవు. మైకు విజిల్‌లో పెట్టిస్తాండా," అన్నాడు బసవరాజ్.

"విజిల్ ఊదితే మాట ఏం వినపడుతుంది సార్? నక్షత్రంలో పెడితే క్లారిటీ బాగుంటాది. కెప్టెన్ వేషం ఇప్పించండి."

టెక్నికల్‌గా అది అబద్ధం కాదు. అసలు సంగతి వేరు. దేశం కోసం నాలుగుసార్లు చావు తప్పించుకున్న ఈ మొనగాడు తల్లి జులేఖా బీ కంటికి ఇప్పటికీ కొరియర్ గుమాస్తానే. పక్కింటి హసీనా కొడుకు ఎస్సై అయిన నాటి నుంచీ ఆమెది ఒకటే పాట, కొడుకును ఒక్కసారి యూనిఫారంలో చూడాలని. ఆ సాయంత్రమే నవీద్ మూడు నక్షత్రాలు తగిలించుకుని ఇంటి ముందు దిగాడు. దళంలో కెప్టెన్‌నయ్యానని చెప్పాడు. ఆమె కళ్లు తుడుచుకుంది. వీధిలో ఆడవాళ్లందరినీ పిలిచింది. స్టూడియో అబ్బాయిని రప్పించి ఫొటో తీయించింది. ఫొటోలో నవ్వాడు గానీ, తల్లి మొహంలోకి మాత్రం సూటిగా చూడలేకపోయాడు.

మర్నాడు ఒంటిమిట్టలో ఎండ పొద్దున్నే మాడ్చేస్తోంది. తేరు చుట్టూ జనం. తాళ్ల పొడవునా బూడిద చొక్కాలు. నవీద్ ఛాతీ విరుచుకుని నడుస్తుంటే, మజ్జిగ బిందె దించుతున్న ఒక పెద్దావిడ అతన్ని ఆపింది. దళపతి నాగక్క. బేతంచెర్లలో నాపరాళ్ల పాలిష్ యూనిట్ ఆమెది. ఆమె అతని మొహం చూడలేదు, భుజాలు చూసింది.

"ఏమప్పా, కొత్తగా వచ్చినావా?"

"అవునక్కా. ప్రమోషన్ మీద."

"మూడో చుక్క మా దళంలో నలుగురికే ఉండాది. వరదలో మనిషిని బయటికి తెచ్చినోళ్లకే అది. ముగ్గురు ఈడనే బిందెలు మోస్తాండారు. నాలుగో మనిషి మా ఇంటాయన. ఆ పొద్దు నీళ్లలోకి పోయి మళ్లీ రాలేదు." ఆమె గొంతు పెంచలేదు. "నువ్వు యాడ తెచ్చుకుంటివి నాయనా?"

మజ్జిగ క్యూలో ఉన్నవాళ్లంతా తలలు తిప్పారు. నవీద్ దగ్గర అయిదు పాస్‌పోర్టులకు సరిపడా అబద్ధాలున్నాయి. వాటిలో వరద గురించి ఒక్కటీ లేదు.

"సరే, అది తర్వాత. ముందు తీసి జోబులో పెట్టుకో. తేరు కాడ ఎవురికీ చుక్కలుండవు. నేను గూడా తీసినా, చూడు. జనానికి మజ్జిగ పోసేదానికి చుక్కలెందుకు? యా పుస్తకంలోనూ రాసి ఉండదు, మా వాడుక అది. పో, ఆ బకెట్ ఎత్తు."

అందరి ముందూ పిన్నులు ఒక్కొక్కటే ఊడదీసి జేబులో వేసుకున్నాడు. సిగ్గుతో చెవులు కాలిపోయాయి. చచ్చినవాడి నక్షత్రం పెట్టుకుని అమ్మ ముందు నిలబడ్డాను కదా అనుకున్నాడు. బకెట్ ఎత్తుకుని తల దించుకుని నడిచాడు.

గొడుగు నీడలో మైకు పట్టుకుని శివాని ఎదురొచ్చింది. పక్కనుంచి పోతూ గొణిగింది. "ఇమాం బేగ్ బావి దగ్గర ఎత్తుతారు. అక్కడే ఉండు."

నవీద్ బావి దగ్గరికి వెళ్లాడు. అక్కడ కాళ్లు కడుక్కుంటున్న ముసలివాళ్లు తప్ప ఎవరూ లేరు. అప్పుడే తేరు వైపు నుంచి కేకలు వినిపించాయి. "ఎవరో పెద్దమ్మకు కళ్లు తిరిగినాయంట! జరగండి, జరగండి!" నలుగురు బూడిద చొక్కాలవాళ్లు స్ట్రెచర్ మోసుకుంటూ రోడ్డు మీది అంబులెన్సు వైపు పరుగెడుతున్నారు. స్ట్రెచర్ మీద డాక్టర్ రామలక్ష్మమ్మ నెరిసిన జడ వేలాడుతోంది.

ఆ నలుగురి భుజాల మీద ఎండకు ఏవో తళుక్కుమన్నాయి. నక్షత్రాలు. ముందున్నవాడికి మూడు. భుజం అంచుకు ఎంత ఎడం ఉండాలో సరిగ్గా అంతే ఎడంలో, పుస్తకంలో బొమ్మ దిగినట్టు ఉన్నాయి.

తాను పొద్దున చేసిన తప్పే వాళ్లూ చేశారు. నవీద్‌కు అర్థమైంది. బకెట్ వదిలేసి పరుగెత్తాడు.

"సార్! స్ట్రెచర్! శివాని మోసం చేసింది!" అన్నాడు నక్షత్రాలున్న జేబును నోటి దగ్గరికి లాక్కుని.

చెవిలో బసవరాజ్ గొంతు పలికింది. "మనోళ్లు తేరుకు ఆ పక్క ఇరుక్కున్నారు. తాడు దాటలేరు. నువ్వే ఆపల్ల!"

అంబులెన్సు దగ్గర కానిస్టేబుల్ మూడు నక్షత్రాలవాడికి సెల్యూట్ కొట్టి దారిచ్చాడు. మజ్జిగతో తడిసిన చొక్కాతో, బోడి భుజాలతో వచ్చిన నవీద్‌ను మాత్రం రొమ్ము మీద చెయ్యి వేసి ఆపాడు. "మీ కెప్టెన్ సారే పోతాంటే నువ్వెవరప్పా మధ్యలో?"

ఇంజన్ స్టార్టయింది. స్ట్రెచర్ లోపలికి జారింది. జనంలో తుపాకీ తీయడానికి లేదు. ఐడీ చూపిస్తే చదివేలోపు బండి రాయచోటి రోడ్డెక్కుతుంది. ఇక ఒక్కటే దారి. దానికంటే తుపాకీ గుండే నయమనిపించింది.

"నాగక్కా!" గొంతు చించుకుని అరిచాడు. "వాళ్ల భుజాలు చూడండక్కా! చుక్కలు తీయలేదు! వాళ్లు మనోళ్లు గాదు, దొంగలు! నేను గూడా దొంగ చుక్కలు పెట్టుకుని వచ్చినోణ్ణే! పొద్దున మీరందరూ చూసినారు గదా! నాకు తెలియనట్టే వాళ్లకూ తెలీదు!"

ఒక్క క్షణం అందరూ అతన్నే చూశారు. ఎవరో కిసుక్కున నవ్వారు. తర్వాత అందరి చూపులూ అంబులెన్సు దగ్గరున్న భుజాల మీదికి మళ్లాయి.

నాగక్క గరిటె కింద పడేసింది. మజ్జిగ బిందెతో సహా వెళ్లి బండి ముందు రోడ్డు మీద కూర్చుంది. ఆమె వెనక ముప్ఫై మంది, ఆ వెనక తాళ్లు వదిలి వచ్చిన జనం. డ్రైవర్ హారన్ కొట్టాడు, ఎవరూ కదల్లేదు. మూసుకుంటున్న వెనక తలుపులో నవీద్ మోచెయ్యి పెట్టాడు. ఎముక పటుక్కుమంది. తలుపు పడలేదు.

ఆ తర్వాతి పని జనమే చేశారు. బసవరాజ్ మనుషులు వచ్చేసరికి ఆ నలుగురూ, డ్రైవరూ తేరు తాడుతోనే కట్టేసి ఉన్నారు. మత్తు దిగిన రామలక్ష్మమ్మ లేచి కూర్చుని, మజ్జిగ ఉందా అని అడిగింది.

శివానిని జీపు ఎక్కిస్తుంటే ఆమె నవీద్ వైపు చూసి ఎప్పటిలాగే నవ్వింది. "పొద్దున దూరం నుంచి నీ భుజాలు చూసి, నువ్వూ మావాడివే అనుకున్నా."

ఆ మాట విరిగిన మోచేతికంటే ఎక్కువ నొప్పి పెట్టింది, ఎందుకంటే అందులో తప్పు పట్టడానికేమీ లేదు.

కట్టు కట్టించుకున్నాక నాగక్కను వెతుక్కుంటూ వెళ్లాడు. మూడో నక్షత్రాన్ని ఆమె చేతిలో పెట్టాడు. "తప్పయింది అక్కా. ఆయన సంగతి తెలీక..."

ఆమె దాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది. "ఇందులో మైకు ఉండాదంట గదా? అయితే ఇది మీ గవర్నమెంటు సొత్తు. మా ఆయనది ఇంట్లో పెట్టెలో ఉండాది." తిరిగి అతని జేబులో వేసి, గుండీ కూడా పెట్టింది. "వచ్చే ఏడు రా. ఉత్త భుజాలతో రా. బకెట్ నీకే ఇస్తా."

చెవిలో బసవరాజ్ దగ్గు వినిపించింది. "నవీద్, పొద్దుటినుంచీ మైకు ఆన్‌లోనే ఉండాది. ఆమె నిన్ను అడిగినవన్నీ కంట్రోల్ రూమంతా విన్నాం. రికార్డయింది. కొత్త బ్యాచ్ ట్రైనింగ్‌కు పనికొస్తాది."

నవీద్ చెవిలోంచి ఇయర్‌పీస్ తీసేశాడు. ఒక చెట్టు నీడన కూర్చుని తల్లికి ఫోన్ చేశాడు.

"అమ్మా, ఆ ఫొటో ఎవురికీ చూపించొద్దు. ఆ చుక్కలు నావి గావు. నేను కెప్టెన్ను గాదు. నీకు అబద్ధం చెప్పినా."

అటువైపు నుంచి కుక్కర్ విజిల్ ఒకటి వినిపించింది.

"ఫ్రేము కట్టించేస్తి గదరా," అంది జులేఖా బీ. "పోనీలే. చుక్కల మీద నల్ల స్కెచ్‌పెన్నుతో గీస్తాలే. మొహమన్నా నీదే గదా?"

నాదేనమ్మా అన్నాడు నవీద్. కానీ ఆ నక్షత్రాలను అలాగే ఉంచి, అబద్ధమాడిన ఆ మొహాన్నే గీసేయమని చెప్పాలనిపించింది అతనికి.