ప్రషూట్ గదికి గడియ

స్కూల్ బ్యాగ్ ఇంకా భుజం మీదే ఉంది. తోంకా ప్రషూట్ గది తలుపు తీసి అక్కడే ఆగిపోయింది.

కిటికీ బార్లా తెరిచి ఉంది. సముద్రం మీంచి యూగో గాలి తడితడిగా లోపలికి కొడుతోంది. ప్రషూట్ కోసం ఉప్పు పట్టించి, ఆరడానికి వేలాడదీసిన పంది తొడలు అప్పటికే చెమ్మగిల్లాయి.

“తాతా! తొందరగా రా!”

యేరె తాత పరుగున వచ్చి కిటికీ మూశాడు. ఈ గదికి కొండల మీంచి వచ్చే పొడి గాలి, బురా, తగలాలి. యూగో తగిలితే అన్నీ బూజు పడతాయి. అవి వేసవిలో మేనత్త పెళ్లి విందుకు. మళ్లీ చేయడానికి సమయం లేదు.

“ఎవరు తీశారమ్మా?”

తోంకా గోడకున్న చిన్న డబ్బా వైపు చూసింది. గాలిలో తడి కొలిచి, ఫోన్‌లో నొక్కితే కిటికీ తెరిచే ఆ చవక సెన్సర్ పెట్టింది తనే. “దీనికి తాళం లేదా?” అని తాత అప్పుడే అడిగాడు. “మన గదిలో తడితో ఎవరికేం పని తాతా!” అని నవ్వేసింది.

తెరిచిన తలుపులోంచి చూస్తే, పెరటి గోడ అవతల పక్కింటి ష్పిరో ఫోన్ ఊపుతున్నాడు. “నేనే తీశా! పాస్‌వర్డ్ నాలుగు సున్నాలేగా. మా చెల్లి గదిలోనూ ఇదే డబ్బా!”

“ఒరేయ్ తింగరోడా, ఇవాళ యూగో! అత్త పెళ్లి ప్రషూట్ రా!”

ష్పిరో నవ్వు ఆగిపోయింది. గోడ దూకి వచ్చాడు. తాత కసరలేదు. అతని చేతికీ ఓ పొడి గుడ్డ ఇచ్చాడు. ముగ్గురూ తొడలన్నీ తుడిచారు. తాత ఒక్కోటీ వాసన చూశాడు.

“బతికిపోయాయి!”

తోంకా పాస్‌వర్డ్ మార్చబోయింది. ఆ డబ్బాలో మార్చే వీలే లేదు! పిల్లలిద్దరూ తమ ఇళ్లలోని డబ్బాలు ఊడదీసుకుని, అవి కొన్న కొట్టుకు పరుగెత్తారు.

“ఇంత చవక వస్తువుకి తాళం కూడానా?” అంది కొట్టు నడిపే ద్రాగిత్సా.

“మా కోళ్ల గూడు ఇంకా చవక ఆంటీ. అయినా గడియతోనే వచ్చింది,” అంది తోంకా.

ద్రాగిత్సా పై అరలోంచి వేరే రకం డబ్బాలు రెండు దించింది.

“కొత్త పాస్‌వర్డ్ పెట్టందే ఇవి పని మొదలుపెట్టవు. ధర కాస్త ఎక్కువ. ఆ కాస్తా నేను వదిలేస్తాలే.”

మర్నాడే బురా వీచింది. అప్పటికే ప్రషూట్ గదిలో తోంకా కొత్త డబ్బా బిగించేసింది.

“ఇప్పుడు తియ్యి చూద్దాం!” అంది తోంకా.

ష్పిరో నాలుగు సున్నాలు కొట్టాడు. తోంకా పుట్టినరోజు కొట్టాడు. వాళ్ల మేక పేరు కూడా కొట్టాడు. కిటికీ కదల్లేదు.

“ఓడిపోయా తల్లీ!”

తోంకా తన ఫోన్‌లో నొక్కింది. కిటికీ తెరుచుకుంది. బురా హోరుమంటూ లోపలికి దూకి తాత టోపీ ఎగరగొట్టింది.

“ఊదవే, ఊదు!” అని తాత చప్పట్లు కొట్టాడు.

“పద, ఇక మీ చెల్లి గదికి,” అంది తోంకా.

అక్కడ రెండో కొత్త డబ్బా గోడకు బిగించింది. పాస్‌వర్డ్ పెట్టుకోమని ష్పిరో చేతికి అతని ఫోన్ ఇచ్చింది. తర్వాత గోడవైపు తిరిగి, రెండు కళ్లూ గట్టిగా మూసుకుంది.