గాలికి జాలి లేదు

“ఇది ఎవరి ఘనకార్యం?”

ప్రమోదిని గొంతుకు పనివాళ్ల చేతులు ఆగిపోయాయి.

ఆదిలాబాదు పొలిమేరలోని చిన్న విమానాశ్రయంలో ఫైరింజను సిబ్బందికి కడుతున్న భవనం అది. దాని నక్షా గీసింది ఆమే. పడమటి గోడలో ఇటుకల మధ్య ఖాళీలు వదిలితే, మే నెలలో సైతం ఫ్యాన్లు లేకుండా మనుషులు బతకగలరని ఏడాదిపాటు లెక్కలు వేసి నిరూపించింది. ఇప్పుడా గోడ నిండుగా, నున్నగా, సిగ్గులేకుండా నిలబడి ఉంది.

సైట్ ఇంజనీరు కొమురెల్లి ముందుకొచ్చాడు. “పెద్దసారు మూయమన్నడు మేడం. విమానాలు దిగే జాగల పశువుల కొట్టం లెక్క గీ చిల్లులేందన్నడు.”

“కొట్టంల పశువులకన్న గాలి తగుల్తది. ఈ డబ్బాల మనుషులు ఉడుకుతరు! నాకెందుకు చెప్పలే?”

“ఉత్తరం రాసిన గద! నెల దాటింది.”

ఉత్తరం అందింది. ‘ఇక్కడి గాలికి జాలి లేదు. మీరొక్కసారి రావాలె.’ అంతే.

గాలి కోసం వదిలే చిల్లుల గోడను మేస్త్రీలు జాలీ అంటారు. ఆ మాట ఆమెకు తెలియనిది కాదు. అతడు దీర్ఘం మరిచాడు; ఆమె బుద్ధి మరిచింది. విరహమనుకుంది. బదులివ్వక కొన్నాళ్లు వేధించాలనుకుంది. ఆలోపు గోడ లేచింది.

“మీరేమనుకున్నరు మేడం?”

“ప్రేమలేఖ అనుకున్న! నవ్విండ్రో, గీ సిమెంటు గమేళా విసిరికొడ్త.”

కొమురెల్లి నవ్వలేదు. చెవులు మాత్రం ఎర్రబడ్డాయి. “జర ముందుగాల చెప్పకపోయిండ్రా? గసొంటియి నాలుగు రాసి చింపిన.”

ఆమె కోపం రెట్టింపైంది. “గోడ ముచ్చట సక్కగ రాయరాలే, మనసు ముచ్చట చింపవచ్చిందా?”

“రేపు స్లాబ్ పోస్తరు. అటెన్క గోడ ముట్టరాదు.”

“అయితె ఇయ్యాల్నే కూలగొట్టుండ్రి.”

“నౌకరి పోతది.”

“పోతె నాది పోతది.” నిలుచున్నచోటే ఆదేశం రాసి సంతకం పెట్టింది. కొమురెల్లి కాగితం అందుకుని, దాని కింద తన సంతకమూ చేశాడు.

“మీదెందుకు?”

“మీ ఒక్కరి నౌకరి పోతె మీ బాపు నన్ను గడప తొక్కనియ్యడు. ఇద్దరిదీ పోతె జర ఆలోచన చేస్తడు.”

“మా బాపుకు కోపమెక్కువ.”

“మీకన్ననా?”

ప్రమోదిని ఒక గడ్డపార అతని చేతికిచ్చి, రెండోది తాను అందుకుంది.