మాటకూ మాటకూ నడుమ

పొద్దున్నే లేవగానే సామాన్లమ్మ చేసే మొదటి పని కూతురి కంప్యూటర్ మీద దుమ్ము తుడవడం. కిటికీ పరదా సందులోంచి ఎండ సన్నగా వాలి ఆ ఇనప పెట్టె పక్కన నిలబడేది. అందులో తేలే ధూళిని చూస్తూ ఆవిడ కాసేపు చేతిలో గుడ్డతో అలాగే ఉండిపోయేది. పెట్టె పక్కమీద కూతురు చిన్నప్పుడు అంటించిన నెలవంక బొమ్మ అంచులు లేచిపోయింది. దాని మీద మాత్రం గుడ్డ పెట్టకుండా వేలితో మెల్లగా నిమిరి, పైన పువ్వుల బట్ట కప్పేది. కూతురు పెళ్ళయి వెళ్ళాక దాన్ని ఎవరూ ఆన్ చేయలేదు.

బస్టాండులో ప్రయాణికుల సంచులు దాచిపెట్టే గదిలో ఆవిడ ఏళ్ళ తరబడి పనిచేసింది. అందుకే వీధిలో చిన్నా పెద్దా అందరికీ సామాన్లమ్మే. జీవితమంతా మనుషులు విడిపోయే చోట కూర్చున్న మనిషి. ఎవరైనా గుమ్మం దాటుతుంటే ఇప్పటికీ ఆవిడ గుండె ఒకసారి జారి మళ్ళీ చోటికి వస్తుంది.

"అమ్మా, చెల్లి ఫోన్ చేసింది, రా!" గది అవతలి వైపునుంచి కొడుకు కేకేశాడు. అతను పెళ్ళిళ్ళకు వీడియోలు తీస్తాడు. ఇంట్లోనే కూర్చుని వాటిని కత్తిరించి, అతికించి, పగలంతా నెట్‌లో పంపుతూ ఉంటాడు. ఆ ఇంట్లోకి మొబైల్ సిగ్నల్ రాదు. అందుకే ఫోన్లన్నీ ఇంటి నెట్ మీదే.

సామాన్లమ్మ కొంగుతో చేతులు తుడుచుకుని కొడుకు కంప్యూటర్ తెర ముందు కూర్చుంది. దూరపు నగరంలో ఉన్న కూతురి ముఖం వెలిగింది.

"తిన్నావా గువ్వా?"

కూతురు చూస్తూనే ఉంది. పెదవి కదలలేదు. తల్లి ఆగలేక, "అక్కడ వాన పడుతోందా?" అంది.

"తిన్నానమ్మా," అంది కూతురు.

"వాన తింటావేంటే పిచ్చిదానా!"

అవతల నవ్వు ఆలస్యంగా వచ్చింది. వచ్చేసరికి ఇవతల నవ్వు అయిపోయింది. చివరికి తల్లి ఎప్పుడూ అడిగేదే అడిగింది. "అల్లుడు బాగున్నాడా?"

తెర మీద బొమ్మ బిగుసుకుపోయింది. కొంతసేపటికి, "బాగున్నాడమ్మా," అన్న మాట వచ్చింది.

ఫోన్ పెట్టేశాక సామాన్లమ్మ చాలాసేపు లేవలేదు. "అది ఆలోచించి చెబుతోందిరా," అంది మెల్లగా.

"అబ్బా, మొదలెట్టావా!" కొడుకు కుర్చీ తిప్పాడు. "నెట్ స్లో అయితే ఎవరైనా అలాగే కనిపిస్తారు."

"బస్టాండులో ఎంతమందిని చూశాను! బాగున్నవాడు బాగున్నానని వెంటనే అంటాడు. బాగోలేనివాడే ఒక్క క్షణం ఆగి అంటాడు."

కాఫీ గ్లాసులతో వచ్చిన కోడలు నవ్వింది. ఆఫీసులకు నెట్‌వర్క్ తీగలు వేసి, వాటిని నడిపించే ఉద్యోగం ఆమెది. "ఇందులో గువ్వ తప్పేం లేదత్తయ్యా. తప్పంతా మీ అబ్బాయిది. ఆయన పెళ్ళి వీడియోలు లారీల్లా బయల్దేరి దారంతా ఆక్రమిస్తాయి. మీ మాటేమో వాటి వెనకాల నిలబడి ఉంటుంది. మనకొచ్చే లైను మంచిదే. ఇంటికంతా నెట్ పంచడానికి కంపెనీవాళ్ళిచ్చిన ఈ అరచేతంత రౌటర్‌కే ఊపిరాడటం లేదు."

"కొత్తది కొనరాదూ?" అంది సామాన్లమ్మ.

"కొనక్కర్లేదు. మామూలు కంప్యూటర్ ఒకటుంటే దాన్నే రౌటర్‌గా మార్చేస్తాను. దాని బుర్ర ముందు ఈ చిన్న పెట్టె ఏ మూలకి? ఎంత స్పీడయినా తట్టుకుంటుంది."

మాట పూర్తికాకముందే కొడుకు చూపు, కోడలి చూపు కలిసి మూలన ఉన్న పువ్వుల బట్ట మీద ఆగాయి.

"దాన్ని ముట్టుకోవద్దు," అంది సామాన్లమ్మ.

"ఇంకెన్నాళ్ళు దాస్తావమ్మా? చెల్లేమన్నా మళ్ళీ వచ్చి దాని ముందు కూర్చుని చదువుకుంటుందా?"

"కూర్చోదు. తెలుసు. అయినా అది దాని పెట్టె."

"భలే! దాని పెట్టెనేమో రోజూ తుడుస్తావు, దాని మాటనేమో రోజూ అనుమానిస్తావు!"

కోడలు భర్త వంక కళ్ళెర్ర చేసింది. సామాన్లమ్మ కాఫీ తాగకుండానే లేచి వెళ్ళిపోయింది.

ఆ రోజంతా ఆవిడ బట్టలు మడత పెట్టింది, విప్పి మళ్ళీ మడత పెట్టింది. కొడుకు మాట ముల్లులా లోపలే తిరుగుతోంది. ఆగేది యంత్రమా, పిల్లా? అది తేలకపోతే ఇక తనకు నిద్ర లేదు. మర్నాడు పొద్దున ఎండ ఆ మూలకు వచ్చేసరికి పువ్వుల బట్ట తీసి మడిచి ఒళ్ళో పెట్టుకుని, కోడల్ని పిలిచింది.

"విప్పమ్మాయ్. ఆ నెలవంక మాత్రం చిరగకూడదు."

కోడలు నేల మీద దుప్పటి పరిచి పెట్టెను పడుకోబెట్టింది. మరలు తీసి పక్క రేకు లాగగానే లోపల బూడిదరంగు దుమ్ము దూదిలా పేరుకుని ఉంది. దాన్ని బ్రష్షుతో దులిపింది. అరిగిపోయి గురకపెట్టే ఫ్యాన్ తీసి వేరేది బిగించింది. ఆఫీసులో పక్కన పడేస్తే ఎప్పుడో అడిగి తెచ్చుకున్న నెట్‌వర్క్ కార్డు ఒకటి లోపల బిగించింది. దానికి తీగలు గుచ్చే రంధ్రాలు రెండు ఉన్నాయి.

"ఇవి రెండు గుమ్మాలనుకోండత్తయ్యా. ఒకటి వీధి గుమ్మం, ఇంకోటి ఇంట్లోకి. మధ్యలో కూర్చుని ఎవర్ని ముందు పంపాలో ఇదే చూస్తుంది."

"మా గదిలోనూ అంతే," అంది సామాన్లమ్మ కాస్త దగ్గరికి జరిగి. "బస్సు కదిలే వేళకి అందరూ ఒక్కసారే మీద పడేవారు. చేతిసంచుల వాళ్ళను ముందు పంపేసేదాన్ని. ట్రంకుపెట్టెల వాళ్ళకు ఎలాగూ ఆలస్యమే కదా, కాసేపు ఆగినా వాళ్ళకు పోయేదేం లేదు."

"అచ్చంగా అదే! మీ మాటలు చేతిసంచులు. మీ అబ్బాయి వీడియోలు ట్రంకుపెట్టెలు."

"నా పొట్ట కొడుతున్నారన్నమాట అత్తాకోడళ్ళు!" అన్నాడు కొడుకు గుమ్మంలోంచి.

"మీవీ వెళ్తాయి, ఇదివరకటికంటే తొందరగానే. తోసుకోకుండా వెళ్తాయి, అంతే తేడా."

కోడలు పెన్‌డ్రైవ్ గుచ్చి పాత సరుకంతా చెరిపేసి, రౌటర్‌గా పనిచేయించే ప్రోగ్రాం ఎక్కించింది. చెరిపే ముందు గువ్వ ఫోటోలు తీసి దాచానని చెప్పింది. సామాన్లమ్మ గట్టిగా ఊపిరి వదిలింది. తర్వాత కోడలు తెర తీసేసింది, కీబోర్డు తీసేసింది.

"అయ్యో, ముఖం లేకుండా ఎలా పనిచేస్తుంది?"

"దీనికి చూసే పని లేదుగా. దాటించడమే."

"తనకోసం ఏమీ ఉంచుకోదా?"

"ఏమీ ఉంచుకోదత్తయ్యా. ఎవరిది వాళ్ళకు పంపేస్తుంది."

సామాన్లమ్మ ఒళ్ళోని పువ్వుల బట్టను కాసేపు చూసుకుని, మెల్లగా పక్కన పెట్టింది.

మొదటిసారి ఆన్ చేస్తే ఇల్లంతా నెట్ పోయింది. కొడుకు లబోదిబోమన్నాడు. కోడలు కింద పడుకుని, బల్ల కింద దూరి, తల గోక్కుని, చివరికి నాలుక కరుచుకుంది. రెండు తీగలూ ఒకేలా ఉండటంతో వీధి తీగ ఇంటి గుమ్మంలో, ఇంటి తీగ వీధి గుమ్మంలో గుచ్చింది. సామాన్లమ్మ కుట్టుపెట్టె తెచ్చి వీధి తీగకు ఎర్రదారం, ఇంటి తీగకు తెల్లదారం ముడి వేసింది. "సంచులకు కట్టేవాళ్ళం ఇలాగే," అంది. చాలా రోజుల తర్వాత ఆవిడ గొంతులో కాస్త గర్వం వినిపించింది.

మధ్యాహ్నం అందరూ నడుం వాల్చారు. సామాన్లమ్మ ఆ పెట్టె పక్కనే కుర్చీలో కూర్చుంది. అది నిద్రలో ఉన్న పిల్ల ఊపిరిలా సన్నగా చప్పుడు చేస్తోంది. పచ్చని దీపాలు రెప్పలు కొడుతున్నాయి. ఆవిడకు కళ్ళు మూతలు పడ్డాయి. ఖాళీ బస్టాండు. పొగమంచు. ఎక్కడివో మాటలు చిన్న చిన్న సంచులు భుజాన వేసుకుని బారుగా నడిచి వస్తున్నాయి. అన్నిటి వెనక గువ్వ. చేతిలో సంచి లేదు. "నీ సామానేదే?" అని అడిగితే, "నీ దగ్గరే దాచానుగా," అంటోంది. తాను గదంతా వెతుకుతోంది. అరలన్నీ ఖాళీ.

సాయంత్రం వెలుగు గోడ మీద తేనెరంగుగా మారే వేళకి కూతురు ఫోన్ చేసింది.

"తిన్నావా?"

"తిన్నా!"

సామాన్లమ్మ ఉలిక్కిపడింది. మాట ఇంకా తన నోట్లోనే ఉన్నట్టుంది, జవాబు వచ్చేసింది. "వానా?"

"లేదు, ఎండే. అమ్మా, నువ్వు పక్క గదిలో ఉన్నట్టున్నావ్!"

"నీ పెట్టె చలవేనే!"

ఇద్దరూ ఒకేసారి నవ్వారు. ఒకరి మాట మీద ఒకరు పడి, ఇద్దరూ ఆగి, మళ్ళీ ఇద్దరూ మొదలెట్టారు. కొడుకు వెనక నిలబడి, "చూశావా, నేను చెప్పలే?" అన్నాడు. సామాన్లమ్మకు ఒళ్ళు తేలిపోయినట్టుంది. అనవసరంగా అనుమానించాను పిల్లని, అనుకుంది. ఆ సంతోషంలోనే అడిగేసింది. "అల్లుడు బాగున్నాడా?"

జవాబు రాలేదు.

బొమ్మ బిగుసుకోలేదు. కూతురి వెనక పరదా గాలికి కదులుతోంది. నుదుటి మీది వెంట్రుక ఊగుతోంది. రెప్ప వాలి లేచింది. అన్నీ కదులుతున్నాయి, మాట ఒక్కటే కదలడం లేదు. కోడలు తిరిగి పెట్టె వంక చూసింది. పచ్చని దీపాలు చక్కగా వెలుగుతున్నాయి.

"బాగున్నాడమ్మా."

"గువ్వా," అంది సామాన్లమ్మ. "ఇప్పుడు ఏ లైను ఇరుకయిందే?"

కూతురి ముఖం మెల్లగా కరిగిపోయింది. "మేం కలిసి లేమమ్మా. ఎండాకాలం ముందే విడిపోయాం. కొట్టుకోలేదు, తిట్టుకోలేదు. కుదరలేదు, అంతే. నేను వేరే గదిలో ఉంటున్నా."

"ఇన్నాళ్ళూ మాతో అబద్ధాలాడావా?" కొడుకు ముందుకొచ్చాడు. "మేమేమైనా పరాయివాళ్ళమా? ఒక్కమాట చెబితే—"

"ఎవరికి చెప్పమంటావన్నయ్యా? పక్కింటివాళ్ళు ఇల్లు మారితేనే అమ్మ తిండి మానేసి పడుకుంటుంది. నా సంగతి తెలిస్తే ఏమవుతుందోనని భయం. నెట్ ఆగేది కదా, ఆ సందులో ముఖం సర్దుకునేదాన్ని. ఇవాళ ఆ కాస్త చోటు కూడా లేకుండా చేశారు మీరు!" ఏడుస్తూనే నవ్వబోయింది.

కొడుకు ఇంకా ఏదో అనబోతే సామాన్లమ్మ చెయ్యెత్తి ఆపింది. ఆవిడ కళ్ళ ముందు బస్టాండు కదిలింది. సాగనంపడానికి వచ్చి బావురుమనేవాళ్ళను ఎందరినో చూసింది. వాళ్ళ కోసమే కదా, బస్సెక్కినవాళ్ళు కిటికీలోంచి పళ్ళు బిగబట్టి నవ్వేవారు! బస్సు మలుపు తిరిగాక గానీ వాళ్ళకు ఏడ్చే వీలు దొరికేది కాదు. తన పిల్లను ఇన్నాళ్ళూ అలా కిటికీ దగ్గర నిలబెట్టింది తానే.

ఆవిడ తెర దగ్గరికి జరిగింది. "ఏదీ, ఆ గది చూపించు."

కూతురు ఫోన్ తిప్పింది. సన్నటి మంచం. కుర్చీ మీద మడతపెట్టిన బట్టలు. ఒకే కప్పు. పెద్ద కిటికీ, అందులో నిండా ఆకాశం.

"కిటికీ బాగుందే."

"బాగుంటుందమ్మా. పొద్దున ఎండ మంచం మీదికే వస్తుంది."

"మంచం ఇద్దరికి సరిపోతుందా?"

"ఎందుకు?"

"ఎందుకేంటి, నేనొస్తున్నా. ఎక్కువ సామానేం తేను. చేతిసంచే. చేతిసంచి వాళ్ళను ఆపకూడదు."

కోడలు వెనకనుంచి అత్తగారి భుజం మీద చెయ్యి వేసింది. కొడుకు ముక్కు ఎగబీల్చి, "నేను దిగబెడతాలే," అన్నాడు చెల్లెలి వంక చూడకుండా. "ఆ మంచం చూస్తే ఊగేలా ఉంది, మర బిగించాలి."

తెర మీద కూతురు చెంపలు తుడుచుకుని తల్లి వంక తేరిపార చూసింది. "అమ్మా, ఏడుస్తున్నావా?"

సామాన్లమ్మ పరదా వైపు చూసింది, నెలవంక వైపు చూసింది, కొంగు అంచు వేలికి చుట్టుకుంది. జవాబు వెంటనే రాలేదు.

"లేదే," అంది చివరికి. "లైను ఇరుగ్గా ఉంది."

అక్కడా ఇక్కడా నవ్వు ఒకేసారి పుట్టింది. మూలన ముఖం లేని పెట్టె ఆ నవ్వును అటూ ఇటూ దాటిస్తూ, మెల్లగా ఊపిరి తీసుకుంటోంది.