తూము లేని చోట ఖాళీ

“గీతలు కలపకుండా వదిలేస్తే లేబుల్ ఎలా వస్తుందండీ? మొదటి రోజు నేర్పే పాఠమే అది,” అన్నాడు సుకుమార్ ఫోన్లో.

“ఆ పాఠం నాకూ వచ్చండి. మీరొకసారి వచ్చి చూసి మాట్లాడండి,” అని ఫోన్ పెట్టేసింది రూతు.

సుకుమార్‌ది రాజమండ్రి. సర్వే ఆఫీసులకి డ్రాఫ్టింగ్ సాఫ్ట్‌వేర్ అమ్మి, అది మొరాయించినప్పుడు సరిచేసే కంపెనీలో పని. రూతుది పాలకొల్లు. భీమవరంలో సూర్యకళగారి సర్వే ఆఫీసులో డ్రాయింగులు చేస్తుంది. రొయ్యల చెరువుల ప్లానులో గట్ల పొడవులన్నీ ముత్యాల్లా పడ్డాయి. ఏ చెరువు ఎన్ని ఎకరాలో చెప్పే లేబుల్ మాత్రం ఒక్కటీ రాలేదు.

రాజమండ్రిలో కూర్చునే సరిచేయొచ్చు. కానీ అబ్బాయిగారికి రోషం వచ్చింది. మర్నాడే పాసింజరెక్కి, వానలో తడిసి ముద్దయి ఆఫీసులోకి అడుగుపెట్టాడు.

“ముందా ఫ్యాన్ కింద నిలబడండి,” అంది రూతు.

“పర్లేదండి, నాకు జలుబు చేయదు.”

“మీకు కాదండి. మా ప్రింట్లు తడుస్తాయి.”

కాసేపు బుద్ధిగా ఆరాడు. తర్వాత స్క్రీన్ మీద గట్లని పెద్దవి చేసి చూశాడు. ప్రతి చెరువు గట్టులోనూ ఒకచోట గీత తెగి ఉంది. నిర్లక్ష్యంగా వదిలేసినట్టు లేదు, చూసి చూసి వదిలినట్టుంది.

“ఈ ఖాళీలేంటండీ?”

“తూములు. చెరువులోకి నీళ్ళు రావాలి, పోవాలి కదండీ. గట్టంతా మూసేస్తే రొయ్యలు మట్టిలో ఈదుతాయా?”

నవ్వుదామనుకున్నాడు, నవ్వలేకపోయాడు. బురదలో గట్టు గట్టూ తిరిగి, తూము ఎక్కడుందో చూసుకుని గీసింది ఈ అమ్మాయి. అతను చూసిన ప్లానులు తక్కువేం కాదు. వాటన్నిటిలో గీతలే ఉండేవి. నీళ్ళు కనబడిన ప్లాను ఇదొక్కటే. ఫోన్లో తనన్న మాటకి సిగ్గేసింది.

“సాఫ్ట్‌వేర్‌కి నీళ్ళ సంగతి తెలీదండి,” అన్నాడు మెత్తగా. “చుట్టూ గీత కలిస్తేనే దాని లెక్కలో అది చెరువు. మీ గట్లు మీరు గీసినట్టే ఉంచండి. కింద వేరే లేయర్లో పూర్తిగా కలిసిన గీత వేద్దాం. అది ప్రింట్లో కనబడదు.”

రూతే వేసింది. చివరి కొస కలవగానే ‘రెండెకరాల పదహారు సెంట్లు’ అంటూ చెరువు మధ్యలోకి లేబుల్ వచ్చింది. ఆమె కళ్ళు ముందు లేబుల్ వైపు, తర్వాత అతని వైపు తిరిగాయి. ఆ రెండో చూపు కాస్త ఎక్కువసేపే నిలిచింది.

“ఇది ఫోన్లోనే చెప్పొచ్చు కదండీ.”

“ఫోన్లో తూములు కనబడలేదండి.”

ఆ తర్వాత లేబుళ్ళకి రకరకాల జబ్బులొచ్చాయి. షీటు సైజు మారిస్తే అక్షరాలు గుమ్మడికాయలంత అయ్యేవి. ఒకసారి గట్టు పొడవు వెళ్ళి పక్క చెరువులో పడింది. అన్నీ ఫోన్లో సరిపోయేవే. సుకుమార్ మాత్రం “మీ నెట్ స్లోగా ఉందండి, నేనే వస్తాను,” అనేవాడు. వచ్చిన ప్రతిసారీ ఆమె పని చూసి ముచ్చటపడేవాడు, ఆమెను చూసి ఇంకాస్త ఎక్కువ ముచ్చటపడేవాడు. ఆ సంగతి తప్ప మిగతావన్నీ మాట్లాడేవాడు.

ఇంతలో కంపెనీ అతన్ని విశాఖకి బదిలీ చేసింది. ఇక భీమవరం రావడానికి సాకు ఉండదు.

“వచ్చే నెల నుంచి వేరే ఆయన చూస్తారండి,” అని ఫోన్లో చెప్పాడు.

“ఓహో,” అని ఫోన్ పెట్టేసింది రూతు. అతనికి ఆ పూట అన్నం సయించలేదు.

రెండ్రోజులకి ఆమే ఫోన్ చేసింది. “అమ్మిరాజుగారి చెరువు లేబుల్ రావట్లేదండి. చాలా అర్జెంటు.”

మళ్ళీ అదే పాసింజరు, అదే వాన. ఈసారి చెప్పకుండానే ఫ్యాన్ కింద నిలబడి, ఆరాక స్క్రీన్ ముందు కూర్చున్నాడు. తూర్పు గట్టులో ఒక ఖాళీ ఉంది. కింద లేయర్లోనూ అక్కడే గీత తెగి ఉంది.

“ఇక్కడ తూము లేదు కదండీ. ఈ చెరువు తూము పడమటి గట్టుకి కదా?”

“గుర్తుందే మీకు.”

“మీరు గీసినవన్నీ గుర్తేనండి. మరి ఇదేంటి?”

రూతు కీబోర్డు వైపు చూస్తూ నెమ్మదిగా అంది, “అది కలిపేస్తే మీరొచ్చేవారా?”

సుకుమార్ కుర్చీ ఆమె వైపు తిప్పాడు. “మరి అమ్మిరాజుగారికి అర్జెంటన్నారు?”

“ఆయనది నిన్ననే ఇచ్చేశాం. ఇది కాపీ.”

“నేనూ ఒకటి చెప్పాలండి. మీ నెట్ స్లో అన్నాను చూడండి...”

“తెలుసండి. మా మేడం ఫైబర్ వేయించి ఏడాదైంది.”

ఇంక దాచడానికేం మిగల్లేదు. “రూతుగారూ, మీరంటే నాకు చాలా ఇష్టం. విశాఖ నుంచైనా వస్తాను. లేబుళ్ళ కోసం కాదు, మీకోసం,” అన్నాడు.

ఆమె బుగ్గలు ఎర్రబడ్డాయి. “అయితే ఈ ఆదివారం మీ చర్చి మానేసి మా చర్చికి రండి. ఆరాధనయ్యాక ఆ మాటే మా అమ్మ ముందు చెప్పండి.”

సంతోషంలో అతను ఖాళీ పూడ్చబోయి మౌసు మీద చెయ్యి వేశాడు. రూతు మౌసు తన వైపు లాక్కుంది.

“అది ఉండనివ్వండి. అమ్మ సంగతి తేలాక నేనే కలుపుతాను.”

ఆదివారం సుకుమార్ పాలకొల్లు వెళ్ళాడు. రూతు వాళ్ళమ్మ జ్ఞానమ్మగారు భోజనం పెట్టారు, అడగాల్సినవన్నీ అడిగారు, ఆలోచించుకుని చెబుతానని పంపేశారు. ఆ రాత్రి అతనికి నిద్ర పట్టలేదు.

సోమవారం ఉదయం ఫోన్‌కి ఒక ఫోటో వచ్చింది. అమ్మిరాజుగారి చెరువు. తూర్పు గట్టు గీత కలిసి ఉంది, నీళ్ళ మధ్యలో లేబుల్ నిలబడి ఉంది. కింద రూతు ఒక్క ముక్క రాసింది.

“అమ్మ సరేనందండి.”